బొమ్మ మీద మిరాశీ ఎవరిది?

జనగామ బజారులోనో, మహబూబాబాద్ అంగడిలోనో, భూపాలపల్లి దుకాణాల వరుసలోనో పిల్లల బట్టలు వేలాడదీసిన చోట ఒక్క నిమిషం ఆగి చూడండి. సాదా అంగీ అరుదుగా కనిపిస్తుంది. ఒకదాని రొమ్ము మీద నీలిరంగు పిల్లి డోరేమాన్, ఇంకోదాని మీద గోడలెక్కే స్పైడర్‌మ్యాన్, దాని పక్కన గుండ్రటి చెవుల మిక్కీ ఎలుక, ఆ పక్కనే లడ్డూలు తినే ఛోటా భీమ్. పిల్లవాడు అంగీ కొనుక్కోడు, బొమ్మ కొనుక్కుంటాడు. అంగీ దానితోపాటు వస్తుంది. ఆ అంగీ తయారు కావడానికి ముఖ్యంగా మూడు చేతులు కావాలి. పత్తి పండించే చేయి, బట్ట కుట్టే చేయి, బొమ్మ గీసే చేయి. ఈ మూడు రకాల చేతులూ మన మూడు జిల్లాల్లో, వాటి ఇరుగుపొరుగున ఉన్నాయి. అయినా ఆ అంగీ మీద వచ్చే లాభంలో అన్నిటికన్నా సుళువైన వాటా మన వైపు రాదు. ఎందుకు రాదో, ఎట్లా వస్తుందో ఈ ప్రసంగంలో ఆలోచిద్దాం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: పిల్లల బట్టల వ్యాపారంలో నిలిచే సొత్తు బట్ట కాదు, బొమ్మ మీద హక్కు. ఆ హక్కు చేతిలో లేనంతకాలం ఎంత పత్తి పండించినా, ఎన్ని మిషన్లు తొక్కినా మనం కూలి దగ్గరే ఆగిపోతాం.

ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. 2025-26 సంవత్సరానికి పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అంటే కిలో 81 రూపాయల చిల్లర. గింజ తీస్తే క్వింటాలు పత్తిలో దూది మూడో వంతు. నాలుగైదేళ్ల పిల్లవాడి టీషర్టు వంద గ్రాముల బరువు ఉంటుందనుకుందాం. వడకడంలో, కత్తిరించడంలో పోయేది కూడా కలుపుకుంటే దానికి 350 గ్రాముల పత్తి కావాలి. ఆ పత్తి విలువ 28 రూపాయలు. అదే అంగీ మీద లైసెన్సు ఉన్న కార్టూన్ బొమ్మ ఉందనుకోండి. తయారీదారు దాన్ని దుకాణానికి 250 రూపాయలకు వేశాడనుకుందాం. బొమ్మ యజమానికి కట్టే రాయల్టీ పాత్రకున్న పేరును బట్టి, కుదిరిన బేరాన్ని బట్టి మారుతుంది. లెక్క కోసం నూటికి పది అనుకుంటే 25 రూపాయలు. విత్తనం, ఎరువు, గులాబీ రంగు పురుగు, ఏరే కూలి, కాలం కాని కాలంలో వాన, ఇన్నింటిని దాటుకొని వచ్చిన పత్తికి 28. ఒకసారి గీసి పెట్టిన గీతకు 25. పైగా రైతు 28 లోంచి ఖర్చులు పోవాలి. బొమ్మ యజమానికి రెండో అంగీ మీద, పదివేలవ అంగీ మీద కొత్తగా అయ్యే ఖర్చు దాదాపు లేదు. పత్తిని ఏటా విత్తాలి. బొమ్మను ఒక్కసారి నాటితే చాలు, ఏటా కాస్తుంది.

కుట్టే చేతి లెక్క కూడా చూద్దాం. ప్రభుత్వ బడిపిల్లల యూనిఫాంలు కుట్టే పని తెలంగాణలో మహిళా స్వయం సహాయక సంఘాలకు అప్పగించారు. జతకు 75 రూపాయల కుట్టుకూలి. అంతకుముందుకన్నా పెంచిన రేటు అది, ఆ మేరకు మేలే. కానీ కూలి స్వభావం ఒకటి ఉంది. కుట్టిన జతకే డబ్బు, కుట్టని జతకు లేదు. చేయి ఆగితే రాబడి ఆగుతుంది. హక్కు స్వభావం దీనికి పూర్తిగా వేరు. నిద్రపోతున్న యజమానికి కూడా అది సంపాదించి పెడుతుంది. ఈ తేడాను గుర్తించకుండా జౌళి పరిశ్రమ వస్తే చాలు, ఉద్యోగాలు వస్తే చాలు అనుకోవడం సగం లెక్క మాత్రమే.

ఇంతకీ లైసెన్సు అంటే ఏమిటి? మాట ఇంగ్లీషుదే కానీ, ఆ ఏర్పాటు ఓరుగల్లు ప్రాంతానికి కొత్తది కాదు. ఇక్కడ పటం కథలు చెప్పే ఆశ్రిత కులాలు ఉన్నాయి. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెబుతారు. ముదిరాజులకు కాకిపడగలవారు, గౌడులకు గౌడజెట్టివారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు. వీళ్లు చుట్టిన పటం విప్పుతూ, ఒక్కొక్క బొమ్మ చూపుతూ కథ పాడతారు. ఏ కుటుంబం ఏ ఊళ్లలో పటం విప్పాలో ముందే నిర్ణయమై ఉంటుంది. ఒకరి ఊళ్లోకి ఇంకొకరు వచ్చి పటం కట్టకూడదు. అన్నదమ్ములు వేరుపడితే పొలం పంచుకున్నట్టే ఊళ్లనూ పంచుకుంటారు. దీన్నే మిరాశీ అన్నారు. ఇప్పటి కార్టూన్ లైసెన్సు కూడా అచ్చం అలాంటిదే. ఏ దేశంలో అమ్మాలి, ఏ వస్తువు మీద అచ్చు వేయాలి, ఎన్నేళ్లు, ఎంత వాటా అన్నది కాగితం మీద ఉంటుంది. అమ్మకాలు జరిగినా జరగకపోయినా ఇంత కట్టాలనే మినిమమ్ గ్యారంటీ ఉంటుంది. నమూనా చూపించి ఒప్పించుకోకుండా ఒక్క అంగీ కూడా బజారుకు పోకూడదన్న షరతు ఉంటుంది. మిరాశీ అర్థమైనవాళ్లకు లైసెన్సు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టదు. తేడా ఒక్కటే. ఆ మిరాశీ కథ చెప్పే కుటుంబానిది. ఈ మిరాశీ బొమ్మ సొంతదారుది.

ఈ సంగతిని ప్రపంచంలో ముందుగా గట్టిగా పట్టుకున్నవాళ్లలో ఒక రచయిత్రి ఉంది. ఇంగ్లండుకు చెందిన బియాట్రిక్స్ పాటర్. ఆమె రాసి, బొమ్మలు గీసిన పీటర్ అనే కుందేలు కథ 1902లో అచ్చయింది. ప్రచురణకర్తలు అమెరికాలో ఆ పుస్తకానికి కాపీరైటు నమోదు చేయించలేదు. దాంతో అక్కడ ఎవరికి వారు అచ్చు వేసుకొని అమ్ముకున్నారు. ఆ దెబ్బ తిన్నాక ఆమె 1903లో కుందేలు బొమ్మను తానే కుట్టి, లండన్ పేటెంటు కార్యాలయంలో నమోదు చేయించింది. కథల పుస్తకంలోని పాత్ర వస్తువుగా మారి యజమానికి డబ్బు తెచ్చిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి. తరువాత పాతికేళ్లకు, 1928లో, మిక్కీ ఎలుక తెర మీదికి వచ్చింది. 1933 నాటికే చేతిగడియారం మీదికెక్కింది. తొలి మిక్కీ సినిమాకు అమెరికాలో కాపీరైటు 2024 జనవరి 1న ముగిసింది. తొంభై అయిదేళ్ల పంట అది. ఏ పొలమూ అన్నేళ్లు ఎరువు లేకుండా కాయదు.

పిల్లలు బొమ్మను చూసి ఎందుకు అంతగా లొంగిపోతారు? అమెరికాలో క్రిస్టినా రాబర్టో బృందం 2010లో ప్రచురించిన ఒక పరిశోధన ఉంది. నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య వయసున్న నలభై మంది పిల్లలకు ఒకే తినుబండారాన్ని రెండు పొట్లాల్లో ఇచ్చారు. ఒక పొట్లం మీద కార్టూన్ బొమ్మ, రెండోది సాదాది. లోపల ఉన్నది ఒకటే అయినా బొమ్మ ఉన్న పొట్లంలోదే రుచిగా ఉందన్నారు ఎక్కువ మంది. నాలుకకు తెలిసే రుచినే బొమ్మ మార్చగలిగితే, ఒంటికి తెలిసే నూలు మెత్తదనాన్ని మరిపించడం దానికి ఎంత పని? మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో పిల్లలను ఉద్దేశించిన ప్రకటనల గురించి ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చింది అందుకే. కొనే డబ్బు తల్లిదండ్రులది, ఎంచుకునే కన్ను పిల్లవాడిది. ఆ కంటికీ ఆ డబ్బుకూ నడుమ నిలబడేది బొమ్మ.

ఇది విదేశాలవాళ్లకే చేతనవుతుందని అనుకోనక్కరలేదు. హైదరాబాదులో రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ తీసిన ఛోటా భీమ్ 2008లో పోగో చానెల్లో మొదలైంది. ఢోలక్‌పూర్ అనే ఊరు, లడ్డూ తింటే బలం వచ్చే పిల్లవాడు. కార్యక్రమం చానెల్లో వచ్చినా పాత్ర మీద హక్కును గ్రీన్ గోల్డ్ తన చేతిలోనే ఉంచుకుంది. ఆ హక్కుతోనే బట్టలు, సంచులు, బొమ్మలు అమ్మే సొంత దుకాణాలు తెరిచింది. 2019లో అదే భీముణ్ని పాలబుగ్గల పసివాడిగా మార్చి, మాటలు లేకుండా కథ నడిపి నెట్‌ఫ్లిక్స్ ద్వారా దేశదేశాలకు పంపింది. ఛోటా భీమ్ తెర మీద ఎక్కువగా ఒంటి మీద అంగీ లేకుండా పంచెతోనే తిరుగుతాడు. అంగీ తొడుక్కోని పిల్లవాడు ఊరూరా అంగీలు అమ్మించాడు. దీన్ని బట్టి అర్థం కావలసింది, బొమ్మకు బట్టతో సంబంధమే లేదని. పిల్లవాడి మనసులో చోటు సంపాదించుకున్న బొమ్మ ఏ బట్ట మీదికైనా ఎక్కుతుంది. తనకు లేని అంగీ మీదికి కూడా.

ఇక మన పక్కనే జరుగుతున్నది చూద్దాం. వరంగల్ దగ్గర గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా జౌళి పార్కుకు 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. కేరళకు చెందిన కైటెక్స్ సంస్థ 2021 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వంతో 2,400 కోట్ల రూపాయల పెట్టుబడికి ఒప్పందం చేసుకుంది. ఈ పార్కులోనూ, రంగారెడ్డి జిల్లా సీతారాంపూర్‌లోనూ కర్మాగారాలు పెడతామని, ఇరవై రెండువేల మందికి నేరుగా పని దొరుకుతుందని అప్పుడు ప్రకటించారు. కైటెక్స్ చేసేది పసిపిల్లల బట్టలు. ప్రధాన బజారు అమెరికా. అంటే ఓరుగల్లు చుట్టుపక్కల పత్తి, ఓరుగల్లు చుట్టుపక్కల ఆడపిల్లల చేతులు కలిసి అమెరికా పసివాళ్ల ఒంటి మీద బట్టలవుతాయి. మంచిదే. కానీ అంత పెద్ద సంస్థ కూడా అమెరికా బజారులో నిలబడటానికి కుట్టు నాణ్యత ఒక్కటే చాలదని గ్రహించింది. లిటిల్ స్టార్ అనే సొంత పేరు పెట్టుకుంది, లమాజ్ అనే పేరును లైసెన్సు మీద తీసుకుంది. వేల మిషన్లున్నవాళ్లే పేరు అద్దెకు తెచ్చుకోవలసి వచ్చిందంటే, పేరు సొంతంగా ఉన్నవాళ్ల బలం ఎంతటిదో ఊహించుకోవచ్చు.

మరి మనకు బొమ్మలు లేవా? బట్ట మీద బొమ్మ వేయడం తెలిసిన నేలల్లో మనది ఒకటి. చేర్యాల పటాలు చూడండి. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్నా, 2016లో జిల్లాలు విడిపోయేదాకా ఉమ్మడి వరంగల్‌లోనిదే. ఈనాటికీ జనగామ శాసనసభ నియోజకవర్గంలో భాగం. అక్కడి నకాశీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి పూసి, ఎర్రటి నేపథ్యం మీద కథంతా గళ్లుగళ్లుగా గీస్తారు. అందులో దేవతలు మాత్రమే ఉండరు. మగ్గం నేసే సాలెవాళ్లు, తాళ్లెక్కే గౌడులు, వలలు విసిరేవాళ్లు, గుర్రాలు, నెమళ్లు, ఏనుగులు ఉంటాయి. మహబూబాబాద్ జిల్లాకు వస్తే తండా తండాలో లంబాడీ ఆడవాళ్ల సూదిపని ఉంది, అద్దాలు, గవ్వలు, రంగురంగుల దారాలు. ఇదే జాతి కుట్టుపనికి కర్ణాటకలో సండూరు పేరిట భౌగోళిక గుర్తింపు వచ్చింది. భూపాలపల్లి వైపు అడవిలోకి పోతే కోయల పడిగెలు. ముక్కోణపు గుడ్డ మీద బొమ్మలు కత్తిరించి కుట్టి, దాన్ని పట్టుకొని డోలీలు వంశగాథలు పాడతారు. డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది ఈ విద్యకే. పటం, కుట్టు, పడిగె. మూడూ బట్ట మీది బొమ్మలే, మూడింటి వెనకా కథో పాటో ఉంది. కార్టూన్ సంస్థలు కోట్లు పెట్టి కల్పించుకునే సరుకు ఇక్కడ తరతరాలుగా పండుతోంది. లేనిది హక్కు పత్రం.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. చేర్యాల పటానికి ఎప్పుడో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఇంకా హక్కు లేదంటారేమిటి అని. ఆ గుర్తింపు గౌరవించదగ్గదే. కానీ అది కాపాడేది పేరును. చేర్యాలలో తయారుకాని పటాన్ని చేర్యాల పటమని చెప్పి అమ్మితే అడ్డుకోవచ్చు. ఎక్కడో సూరత్‌లోనో తిరుప్పూరులోనో ఒకరు అదే తీరు ముఖాలు, అదే ఎర్రటి నేపథ్యం గీయించి, చేర్యాల అన్న మాట ఎత్తకుండా లక్ష అంగీల మీద అచ్చు వేస్తే, ఆ చట్టం అంతగా ఆదుకోలేదు. శైలి ఎవరి సొత్తూ కాదు. సొత్తు అయ్యేది ఒక చిత్రకారుడు స్వయంగా గీసిన ఒకానొక బొమ్మ. అందుకే ఊరి పేరు మీద వచ్చిన గుర్తింపుతో ఆగకుండా, ఒక్కొక్క బొమ్మ మీద హక్కు దాకా పోవాలి.

ఆ దారి కష్టమేమీ కాదు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం బొమ్మ గీసిన క్షణమే హక్కు పుడుతుంది. చిత్రకారుడి జీవితకాలం, ఆ తరువాత అరవై ఏళ్లు ఉంటుంది. నమోదు తప్పనిసరి కాదు, కానీ తగాదా వస్తే నమోదు పత్రం మంచి సాక్ష్యం. సరుకు మీద వాడే చిత్రానికి నమోదు రుసుము 2,000 రూపాయలు. ఒక పాత్రకు పేరు పెట్టి, ఆ పేరును బట్టల తరగతిలో ట్రేడ్‌మార్కు చేయించుకోవాలంటే వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము 4,500. అది పదేళ్లకోసారి పొడిగించుకుంటూ పోతే అంతమే లేని హక్కు. బట్ట మీద అచ్చు కోసమే గీసిన డిజైన్ అయితే ఇంకో మెలిక ఉంది. దాన్ని డిజైన్ల చట్టం కింద నమోదు చేయించకుండా, యాభైకి మించి వస్తువుల మీద వేసేస్తే ఆ డిజైన్ మీద కాపీరైటు పోయే ప్రమాదం ఉంది. అచ్చుకు ముందే నమోదు చేయించుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యమైన విషయం వేరే ఉంది. పటం అమ్మినంత మాత్రాన హక్కు అమ్మినట్టు కాదు. కొన్నవాడు గోడకు తగిలించుకోవచ్చు, అంగీల మీద అచ్చు వేసుకోరాదు. హక్కు బదిలీ కావాలంటే రాతకోతలు ఉండాలి. ఆ రాతలో గడువు లేకపోతే అయిదేళ్లే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం మాత్రమే అని చట్టమే అర్థం చెబుతుంది. నకాశీ ఇంట్లోనో, తండాలోనో ఈ నాలుగు మాటలు తెలిసి ఉంటే బేరం తీరే మారిపోతుంది.

రెండో అభ్యంతరం పేద తల్లిదండ్రుల తరఫున వస్తుంది, ఇది బరువైనది. లైసెన్సు ఉన్న అంగీ ఖరీదు ఎక్కువ. అంగడిలో నూట యాభైకి దొరికే అంగీ మీద అదే బొమ్మ ఉంది. కూలి చేసుకునే తల్లి కొడుకు ముచ్చట తీర్చడం తప్పా? తప్పు కాదు. చట్టం కూడా కొని తొడిగే తల్లిని పట్టుకోదు. పట్టుకునేది అచ్చు వేసినవాణ్ని, అమ్మినవాణ్ని. కాపీరైటు ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయదగిన నేరమని 2022 మే నెలలో సుప్రీంకోర్టు తేల్చింది కూడా. ఈ తీర్పు వల్ల నష్టపోయేది ఎక్కడో కూర్చున్న అచ్చు యజమాని కన్నా ముందు, ఆ సరుకును నమ్మి తెచ్చుకున్న చిన్న దుకాణదారు. పైగా దొంగబొమ్మ వల్ల మిగిలిన ఆ పాతిక రూపాయలు పత్తి రైతుకు రావు, కుట్టే మనిషికీ రావు. మధ్యలోనే ఆగిపోతాయి. పేదవాడి ముచ్చటకు దారి ఇంకొకటి ఉంది. పులి, జింక, పాలపిట్ట, తంగేడు పువ్వు ఎవరి మిరాశీలోనూ లేవు. వాటిని మనవాళ్లే అందంగా గీసి అచ్చు వేస్తే రాయల్టీ లేదు, నేరం లేదు, నూట యాభై రూపాయలకే అంగీ దొరుకుతుంది. దొంగబొమ్మకు అలవాటుపడ్డ బజారు రేపు మన బొమ్మనూ అలాగే దొంగిలిస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

మూడో అభ్యంతరం వ్యాపారం తెలిసినవాళ్లది. డిస్నీ ముందు, డోరేమాన్ ముందు మీ పటం బొమ్మ ఎంత? పిల్లలకు తెలియని బొమ్మను ఎవరు కొంటారు? ఇందులో నిజం ఉంది. ఒప్పుకుందాం. రాయల్టీ గీతకు రాదు, గీత వెనక కథ మీద పెరిగిన ప్రేమకు వస్తుంది. కానీ పెద్దవాడు ప్రతిసారీ గెలుస్తాడనుకోవడం పొరపాటు. ఇంగ్లీషు రచయిత్రి ఈనిడ్ బ్లైటన్ 1949లో సృష్టించిన నాడీ అనే బొమ్మ పిల్లవాడి పాత్ర మీద హక్కులున్న విదేశీ సంస్థ, అదే పేరుతో పిల్లల బట్టలు అమ్ముతున్న ఒక భారతీయ సంస్థ మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఇక్కడి సంస్థ 1995 నుంచి ఆ పేరును వాడుతోంది. అంతకన్నా ముందే ఈ దేశంలో తమ పాత్ర వస్తువుల రూపంలో పేరు తెచ్చుకుందని విదేశీ సంస్థ నిరూపించలేకపోయింది. 2010లో దావా కొట్టేశారు. కోర్టు పాత్ర ప్రపంచ ప్రఖ్యాతిని కాక, ఈ నేల మీద ముందు వాడిందెవరు, ఇక్కడి జనానికి ఎలా తెలుసు అన్నదాన్ని చూసింది. ముందు వాడి, బిల్లులు దాచుకొని, నమోదు చేయించుకున్న చిన్నవాడికి కూడా చట్టంలో చోటుంది. ఇక కథ సంగతి. పటం ఏనాడూ ఒంటరిగా బతకలేదు, పాడే గొంతుతోనే బతికింది. ఈనాడు ఆ గొంతు అంగన్వాడీ గది కావచ్చు, బడి గోడ కావచ్చు, సెల్‌ఫోనులో చిన్న వీడియో కావచ్చు, ఇప్పుడు మీరు వింటున్న రేడియో కావచ్చు. ప్రపంచాన్ని గెలవనక్కరలేదు. మూడు జిల్లాల పిల్లలు పేరు పెట్టి పిలిచే ఒక్క బొమ్మ ఉంటే ఆ మేరకు బజారు మనది.

చివరి అభ్యంతరం మనసుకు సంబంధించినది. దేవతల కథలను, కులపురాణాలను, అడవి బిడ్డల పడిగెలను అంగీల మీద అచ్చు వేసి అమ్ముకోవడమా, రేపు అవి ఉతుకుడు బండ మీద, మురికి గుడ్డల కుప్పలో కనిపించవా అని. ఈ బాధను తేలిగ్గా కొట్టిపారేయరాదు. మేడారంలో సమ్మక్క సారలమ్మలకు విగ్రహం లేదు. వెదురు కర్రలో, కుంకుమ భరిణలో కొలుస్తారు. రూపం లేని తల్లికి బజారు కోసం రూపం గీసే అధికారం ఎవరికీ లేదు. పటంలో కొలుపు అందుకునే మూర్తి వేరు, ఆ పక్కన నిలబడ్డ నెమలి వేరు. ఈ తేడా బజారుకు తెలియదు, ఆ కథను మోస్తున్నవాళ్లకే తెలుసు. అందుకే హక్కు వాళ్ల చేతిలో ఉండాలంటున్నాను. హక్కు ఎవరి చేతిలోనూ లేకపోతే ఎవరైనా దేన్నైనా ఎక్కడైనా అచ్చు వేస్తారు. హక్కు ఉన్నవాడే ఇది వేయి, అది వద్దు అనగలడు. పిల్లల ఒళ్లను ప్రకటనల గోడలు చేయొద్దనుకున్నా ఆ మాట చెల్లేది హక్కుదారు నోటనే. మిరాశీ అంటే రాబడి మాత్రమే కాదు, కాదనే అధికారం కూడా.

కాబట్టి చేయవలసింది స్పష్టంగానే ఉంది. నకాశీ చిత్రకారులు, లంబాడీ కుట్టుపని ఆడవాళ్లు, కోయ పెద్దలు కలిసి, అచ్చు వేయదగినవి ఏవో, తగనివి ఏవో ముందు తేల్చుకోవాలి. తగినవాటిలో పది బొమ్మలు కొత్తగా గీసి, పేర్లు పెట్టి, నమోదు చేయించాలి. ట్రేడ్‌మార్కుల చట్టంలో సంఘాలు ఉమ్మడిగా వాడుకునే సామూహిక మార్కుకు వీలుంది. మహిళా సమాఖ్యలు దాన్ని తీసుకుంటే జనగామలో కుట్టినా, మహబూబాబాద్‌లో కుట్టినా, భూపాలపల్లిలో కుట్టినా అంగీ మీద ఒకే గుర్తు ఉంటుంది. కుట్టుకూలితో పాటు బొమ్మ వాటా కూడా వాళ్లకే వస్తుంది. రాత లేకుండా ఏ బొమ్మనూ ఎవరికీ ఇవ్వవద్దు. రాతలో గడువు, ప్రాంతం, వాటా మూడూ ఉండి తీరాలి. కొనే తల్లిదండ్రులకు ఒక్క మాట. ఈసారి పిల్లవాడి అంగీ కొనేటప్పుడు ధర చీటీ వెనక్కి తిప్పండి. ఆ బొమ్మ ఎవరి సొత్తో అందులో రాసి ఉంటుంది, రాసి లేదంటే అడగండి. పత్తి మనది, కుట్టు మనది, కథ మనది. ఇక బొమ్మ మీద మిరాశీ కూడా మన పేరు మీద రాయించుకోవాలి.